ర్యాలీ ఎవరిది? బందోబస్తు ఎవరికి?

పోలీసులు గట్టిగా పట్టుకుంటే ఈ మోటార్ సైకిల్ ర్యాలీల మోజు నాలుగు రోజుల్లో దిగిపోతుందనే మాట మన ప్రగతిశీల మిత్రుల నోట తరచుగా వినబడుతోంది. శ్రీరామనవమికో హనుమాన్ జయంతికో ఏదో ఒక పట్టణంలో రాళ్లు పడతాయి. మరునాడు ఖండన ప్రకటనలు వస్తాయి. వాటి చివరి వాక్యం ఎప్పుడూ ఇదే. పోలీసుల వైఫల్యం, కఠిన చర్యలు, అదనపు బలగాలు. మన జమాత్ పెద్దలు కలెక్టరుకిచ్చే వినతిపత్రాల్లోనూ ఇదే ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అంటున్నారు, కాదనను. కాని ఆ వాక్యంలో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, కర్మ లేదు. పోలీసులు పట్టుకోవాలి. ఎవర్ని?

బైక్ ర్యాలీ అంటే ఏమిటో ముందు చూడాలి. కాలినడక ఊరేగింపుకీ దీనికీ తేడా వేగం ఒక్కటే కాదు. పీర్ల పండుగ చూసినవాళ్లకి తెలుసు, పీరు గుమ్మం గుమ్మం ముందూ ఆగుతుంది. ఇంటావిడ బిందెతో నీళ్లు తెచ్చి పీరునెత్తుకున్నవాడి కాళ్ల మీద పోస్తుంది. ఊదు వేస్తారు, మొక్కు చెప్పుకుంటారు. ఎత్తుకున్నవాడు చాలా ఊళ్లలో ముస్లిం కూడా కాడు. అక్కడ ఊరేగింపంటే ఊరిని పలకరించడం. బైక్ ర్యాలీకి గుమ్మాలతో పనిలేదు. రోడ్డుంటుంది, రెండు పక్కలా జనం ఉంటారు. వాళ్లు చూడాలి, వినాలి, తప్పుకోవాలి. అది దారిలో ఎవరింటి ముందూ ఆగదు. ఆగితే మసీదు ముందే ఆగుతుంది.

ఇక బండెక్కినవాడి సంగతి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు కుర్రాడు. బండి ఫైనాన్సులో ఉంది. పని ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఏడాది పొడుగునా హెల్మెట్ లేదనీ, ముగ్గురెక్కారనీ, కాగితాలు లేవనీ చలానా కడుతూనే ఉంటాడు. ర్యాలీ రోజున అదే కుర్రాడు అదే కూడలిలో, ఆ చలానా రాసిన పోలీసు కళ్ల ముందే, హెల్మెట్ లేకుండా, వెనకాల ఇద్దర్ని ఎక్కించుకుని, సైలెన్సర్ తీసేసి వెళతాడు. ఆ పోలీసు చెయ్యెత్తి దారిస్తాడు. రెండు లీటర్ల పెట్రోలు కూపను, జెండా, మధ్యాహ్నం పొట్లం ఇవన్నీ పైపై సంగతులు. దేవుడూ, పార్టీ కూడా ఆ తర్వాతే. చట్టం ఎదురుగా నిలబడి చూస్తుండగా ఒక్క పూట చట్టం తనకి వర్తించకుండా పోవడం, అదీ అసలు ఆకర్షణ. ఉద్యోగం ఇవ్వలేని రాజ్యం ఆ కుర్రాడికి ఈ ఒక్క పూట ఇస్తోంది.

దీన్ని ఒప్పుకుంటే మన మిత్రుల వాదన ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. పోలీసు కాఠిన్యం అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఒకటి బందోబస్తు, రెండోది చట్టం అమలు. బందోబస్తు పెరిగితే ర్యాలీ విలువ పెరుగుతుంది. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు జీపు, పైన డ్రోను, కూడలి కూడలికీ ట్రాఫిక్ ఆపి నిలబెట్టిన జనం. ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి తప్ప ఎవరికీ దొరకని మర్యాద ఆ కుర్రాడికి దొరుకుతుంది. చట్టం అమలు అంటే బండి నంబరు రాసుకుని మరునాడు ఇంటికి చలానా పంపడం. దాంతో మోజు తగ్గొచ్చు. హనుమాన్ ర్యాలీల విషయంలో మనం అడిగేది రెండోది, మనకి దొరికేది మొదటిది.

హైదరాబాదులో హనుమాన్ జయంతి యాత్ర గౌలిగూడ రామమందిరం నుంచి సికింద్రాబాదు తాడ్‌బండ్ హనుమాన్ గుడి దాకా దాదాపు పన్నెండు కిలోమీటర్లు సాగుతుంది. అందులో ఎక్కువమంది మోటార్ సైకిళ్ల మీదే వస్తారు. ఏటా వేలమంది పోలీసులు, సీసీ కెమెరాలు, కంట్రోల్ రూములో ఉన్నతాధికారులు. పోలీసు లేడని ఎవరూ అనలేరు. అంత పోలీసు ఉండి ఏం చేశారు? నవమి, జయంతి యాత్రలు పోయే దారిలో ఉన్న మసీదులకీ దర్గాలకీ పెద్ద పెద్ద బట్టలు కట్టి మూసేశారు. దీన్ని ముందు జాగ్రత్త అన్నారు. చాలా పత్రికలు ఆ మాటే రాశాయి. రెచ్చగొట్టేవాడి నోటికి కట్టాల్సిన గుడ్డ రెచ్చగొట్టబడేవాడి ఇంటికి కట్టడం ఏ రకం జాగ్రత్త?

నా అభ్యంతరం అవమానం గురించి మాత్రమే కాదు. ఆ పరదా పని కూడా చెయ్యదు. మూసి ఉన్న మసీదు రోజూ కనబడే మసీదు కంటే ఎక్కువగా కనబడుతుంది. రోజూ ఆ వీధిలో పండ్లు కొనుక్కుని పోయే కుర్రాడికి అదొక కట్టడం, అంతే. ఆ రోజు పరదా కట్టగానే అదొక గురి అవుతుంది. ఇక్కడేదో ఉంది, ప్రభుత్వమే దాచిపెట్టింది అని పరదాయే చెబుతుంది. 2024 ఏప్రిల్ 17న శోభాయాత్రలో హైదరాబాద్ లోక్‌సభ స్థానం బీజేపీ అభ్యర్థి మాధవీలత సిద్ధి అంబర్ బజార్ మసీదు వైపు బాణం ఎక్కుపెట్టినట్టు సైగ చేసిన వీడియో దేశమంతా తిరిగింది. కేసు పెట్టారు. అది అసంపూర్తి వీడియో అనీ, ఎవరైనా నొచ్చుకుని ఉంటే క్షమించమనీ ఆమె అన్నారు. అంత బందోబస్తు మధ్య, అన్ని కెమెరాల ముందు ఆ సైగ జరిగింది. కెమెరా ఉంది కాబట్టే సైగ ఉందని నా అనుమానం.

అట్లాగని పోలీసు అక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాదు. భైంసా ఉంది. 2020 జనవరి 12 రాత్రి అక్కడ మొదలైన గొడవ, అప్పటి వార్తల ప్రకారం, సైలెన్సర్లు తీసిన బండ్ల మీద వీధిలో తిరిగిన కుర్రాళ్లని అడ్డుకున్న దగ్గర మొదలైంది. తెల్లారేసరికి ఇళ్లు తగలబడ్డాయి. అదే భైంసాలో 2008 అక్టోబరులో దుర్గామాత ఊరేగింపు దగ్గర మొదలైన అల్లర్లు పక్కనున్న వటోలి గ్రామం దాకా పాకి, ఒకే ముస్లిం కుటుంబంలో ఆరుగురు సజీవదహనమయ్యారు. ఉత్తరాన కాస్‌గంజ్‌లో 2018 జనవరి 26న మోటార్ సైకిళ్ల మీద జెండా యాత్ర పోయింది. అదే ఉదయం ముస్లింల వాడలో కుర్చీలు వేసుకుని అదే జెండా ఎగరెయ్యడానికి సిద్ధమవుతున్నారు. రెండు వైపులా మూడు రంగులే. ఒక యువకుడి ప్రాణం పోయింది. ఇట్లాంటి చోట పోలీసు సమయానికి రాకపోతే ఏమవుతుందో ఊహించక్కర్లేదు, చూశాం. కాబట్టి పోలీసు ఉండాలా వద్దా అన్నది మా ప్రశ్న కాదు. వచ్చిన పోలీసు ఎవరి వైపు తిరిగి నిలబడతాడన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకి సమాధానం కోసం నేను హైదరాబాదు వదిలి మా శ్రీకాకుళం తీరానికి వస్తాను. ఇక్కడ ముస్లింల జనాభా జిల్లా మొత్తమ్మీద ఒక శాతం కూడా లేదు. టెక్కలి, పలాస బజార్లలో ఒకటీ అరా దుకాణం, ఒకటీ అరా మసీదు. పాతబస్తీలో కూర్చుని రాసే మా మిత్రులకి ఈ ప్రాంతం గుర్తుకే రాదు. ఉద్దానం మీద రాసే ఇక్కడి మిత్రులకి మేము గుర్తుకు రాము. కాని పోలీసు కాఠిన్యం ఎవరి మీద పడుతుందో నేర్చుకోవాలంటే భావనపాడు కంటే మంచి బడి లేదు.

సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి బీలలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ కంపెనీ 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టింది. దానికి పెట్టిన పేరు భావనపాడు థర్మల్ ప్రాజెక్టు. బీల అంటే వానాకాలం నీరు నిలిచే చిత్తడి నేల. చేపలు, గడ్డి, పశువులు, పక్షులు. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురానికి ఏటా విదేశీ పక్షులొస్తాయి. ఆ నేల పోతే చేపలవేటా సేద్యమూ రెండూ పోతాయని జనం లేచారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్చారు. ఇద్దరు చనిపోయారు. వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయాయి. అంతకు ముందు ఏడాది, 2010 జూలై 14న, సోంపేటలో ఇంకో థర్మల్ కేంద్రం కోసం కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. చచ్చినవాళ్లు చట్టబద్ధంగానే మాట్లాడుతున్నారని తేలేసరికి వాళ్లు లేరు.

కాల్పుల తర్వాత 144 సెక్షన్. నలుగురు కలిస్తే నేరం. ఈ తీరంలో బండి అంటే ఊరేగే వస్తువు కాదు. తెల్లారుజామున చేపల గంప కట్టుకుని టెక్కలి సంతకి పోయేది, పలాస జీడి బట్టీకి పనికి పోయేది, కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కి తీసుకుపోయేది. ఆ బండి నంబరు స్టేషన్‌లో ఒక కాగితం మీద ఎక్కిందంటే దాని యజమాని ఉద్యమం దగ్గరికి రావడానికి పదిసార్లు ఆలోచిస్తాడు. ఎందుకంటే ఇక్కడి కుర్రాళ్లు సగం బతుకు బయట బతుకుతారు. వేటకి గుజరాత్ పోతారు, వెల్డింగ్ పనికి గల్ఫ్ పోతారు. గల్ఫ్ పోవాలంటే పాస్‌పోర్ట్ కావాలి, పాస్‌పోర్ట్‌కి పోలీసు విచారణ కావాలి. ఒక్క కేసుంటే ఆ దారి మూసుకుపోతుంది.

పాతబస్తీ ముస్లిం కుర్రాడి సంగతి దీనికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లారకముందే బస్తీని చుట్టుముట్టి కాగితాల్లేని బండ్లన్నీ లారీలకెక్కిస్తారు. ఆపరేషన్ చబుత్రా పేరుతో రాత్రిపూట అరుగు మీద కూర్చున్నవాణ్ణి, బండి మీద తిరుగుతున్నవాణ్ణి స్టేషన్‌కి తీసుకుపోయి తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ ఇస్తారు. అతని చూపూ జిద్దా, దుబాయిల మీదే. అతనికీ ఒక్క కేసు చాలు. భావనపాడు బెస్త కుర్రాడూ, తాలాబ్‌కట్ట ముస్లిం కుర్రాడూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. కాని పోలీసు రిజిస్టరు ఇద్దర్నీ ఒకే తీరున భయపెడుతుంది.

కఠిన నిబంధన అందరికీ ఒకటే అని కాగితం మీద రాస్తారు. అది జల్లెడ. కేసు పెడితే విడిపించే ఎమ్మెల్యే ఉన్నవాడు, జరిమానా కట్టే సంఘం ఉన్నవాడు, కేసే మెడలో దండగా వేసుకుని వార్డు మెంబరుగా నిలబడగలిగినవాడు జల్లెడ పైన ఉంటాడు. పాస్‌పోర్ట్ మీద ఆశ పెట్టుకున్నవాడు కిందికి జారిపోతాడు. రోడ్డు మీద మిగిలే ర్యాలీ ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇది చూశాం కూడా. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు సభలో తొక్కిసలాటలో ఎనిమిది మంది పోయారు. 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు పోయారు. ఆ మరునాడే 1861 నాటి పోలీసు చట్టం దుమ్ము దులిపి, రోడ్ల మీద సభలూ ర్యాలీలూ ఆపుతూ జీవో నంబర్ 1 ఇచ్చారు. చనిపోయినవాళ్ల పేరుతో వచ్చింది కాబట్టి దాన్ని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రతిపక్షాలతోపాటు అంగన్‌వాడీలకీ, కార్మిక సంఘాలకీ గొంతు పట్టుకున్నట్టయింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నడుమ, ఏప్రిల్ 19న, పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఏళ్లపాటు భావనపాడు పోర్టుగా పిలిచినది మూలపేటకి మారింది. ఊరి పేరు పోయింది, పక్క ఊరి ఇళ్లు పోయాయి. అధికార పార్టీ సభలకి జనం రావడానికి మాత్రం ఏ సెక్షనూ అడ్డం రాలేదు.

ఇక్కడ మన సాహిత్యం గురించి ఒక మాట అనాలి. శ్రీకాకుళం సాహిత్యానికి పోలీసు కొత్తవాడు కాదు. 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్నల మీద భూస్వాముల తుపాకీ పేలినప్పటి నుంచీ, 1969 డిసెంబరులో బొడ్డపాడు గుళ్లో పూజారిగా ఉండి జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహిని చంపినప్పటి నుంచీ ఇక్కడి కవీ, కథకుడూ పోలీసుని రాజ్యంగా చూస్తూనే ఉన్నారు. చూపులో లోటు లేదు. కాని ఆ చూపు అడవికీ, కొండకీ, బీలకీ పోయింది గాని, పరదా కప్పిన మసీదు దగ్గరికి రాలేదు. అక్కడ పోలీసు వాళ్లకి రాజ్యం కాడు, శాంతిభద్రతలు. అదే పోలీసు, అదే లాఠీ. ఒకచోట వర్గశత్రువు కాపలాదారు, ఇంకోచోట తటస్థుడైన అంపైరు. ఈ తేడా ఎట్లా వచ్చిందో మన విప్లవ మిత్రులే చెప్పాలి.

మా సాహిత్యానికి కూడా వేరే లోపం ఉంది. ‘పుట్టుమచ్చ’ వచ్చిన 1991 నుంచీ, 1998లో ‘జల్‌జలా’ నుంచీ ముస్లింవాద కవిత్వం కర్ఫ్యూనీ, సోదానీ, అనుమానపు చూపునీ రాసింది. అది రాయకపోతే ఎవరూ రాసేవారు కాదు. కాని అందులో పోలీసు దాదాపు ఎప్పుడూ మా తలుపు కొట్టేవాడే. మా తలుపు కొట్టని రోజున, ఎదుటివాడికి జెండా ఊపి దారిస్తున్న రోజున, అతను చేస్తున్నది కూడా మా మీద చేస్తున్నదేనని రాసినవాళ్లు తక్కువ. కాకరాపల్లి మీద రాసిన ముస్లిం కవులు ఎందరు? లెక్క తీస్తే సిగ్గుపడాల్సి వస్తుంది.

సముద్రతీరం మాటొచ్చింది కాబట్టి ఇంకో సముద్రతీరం గురించి. అమెరికా దక్షిణ కరోలినాలో మర్టల్ బీచ్ అని ఒక పట్టణం. ఏటా మే నెలలో అక్కడ రెండు మోటార్ సైకిల్ జాతరలు. ఒకటి ఎక్కువగా తెల్లవాళ్లది, హార్లీ బండ్లది. రెండోది నల్లవాళ్లది. పక్కనున్న అట్లాంటిక్ బీచ్ అనే చిన్న ఊళ్లో 1980లో మొదలైంది. వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లు సముద్రంలో దిగడానికి వీలున్న బహుకొద్ది తీరాల్లో ఆ ఊరొకటి. తెల్లవాళ్ల జాతరప్పుడు రోడ్లు మామూలుగా ఉంటాయి, నల్లవాళ్ల జాతరప్పుడు ఒకే దిక్కుకి తిప్పేస్తారు. 2003లో పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ దావా వేసింది, తర్వాత రాజీ కుదిరింది. 2008లో పట్టణం ఏకంగా రెండు జాతరల్నీ వదిలించుకోవాలని హెల్మెట్ దగ్గర నుంచి శబ్దం దాకా నిబంధనలు పెట్టింది. హెల్మెట్ నిబంధనని 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈలోగా హార్లీవాళ్లు చాలామంది పట్టణం పొలిమేర దాటి పక్క ఊళ్లకి జాతర మార్చుకున్నారు. వాళ్లకి ఎక్కడైనా జాతరే. నల్లవాళ్లు మాత్రం రావడం మానలేదు. 2014లో కాల్పుల్లో ముగ్గురు చనిపోయాక, 2015 నుంచి వాళ్లని రాత్రిపూట ఇరవై మూడు మైళ్లు చుట్టుతిప్పే దారి పెట్టారు. అయినా వచ్చారు. 2018లో మళ్లీ దావా. 2020 డిసెంబరులో జ్యూరీ రెండు మాటలు చెప్పింది. ఆ ప్రణాళికకి జాతి ఒక కారణం. కాని జాతి కారణం కాకపోయినా పట్టణం అదే ప్రణాళిక పెట్టి ఉండేది.

ఆ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనకి ఏటా చెప్పే మాట అదే కదా. మీరు ముస్లింలని కాదు, ఎవరైనా ఇంతే. ఇంకో సంగతి కూడా ఉంది. తనదైన చోటు ఇంకెక్కడా లేనివాడు ఇరవై మూడు మైళ్లు తిప్పినా వస్తాడు. కాబట్టి పోలీసు గట్టిపడితే మోజు తగ్గుతుందన్న సూత్రం అక్కడా నిలబడలేదు.

మిలాద్ బైక్ ర్యాలీల దగ్గర ఇది మాకు తగులుతుంది. మా కుర్రాళ్లూ పచ్చజెండాలతో, సైలెన్సర్లు తీసేసి తిరుగుతున్నారు. ఉలమాలో చాలామందికి జులూసే ఇష్టం లేదు. ఒప్పుకునేవాళ్లకి కూడా ఈ బండ్ల గోల ఇష్టం లేదు. పెద్దలు మైకు పట్టుకుని నెమ్మదిగా పొమ్మని బతిమాలుతుంటే కుర్రాళ్లు నవ్వి ముందుకు పోతున్నారు. వాళ్లు ఎవర్ని చూసి నేర్చుకున్నారో అందరికీ తెలుసు. దయగల ప్రవక్త పుట్టిన రోజున ఆసుపత్రి ముందు హారను మోగించడం ఏ సున్నత్? ఈ మాట మనం అనకపోతే ఎదుటివాడి ర్యాలీ గురించి మాట్లాడే నైతిక హక్కు మనకి ఉండదు. 2023లో మిలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు, సెప్టెంబర్ 28న పడితే హైదరాబాద్ ముస్లింలు తమ జులూస్‌ని అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024లోనూ సెప్టెంబర్ 19కి జరుపుకున్నారు. ఎవరూ లాఠీ ఎత్తలేదు. కొందరు కుర్రాళ్లు ఎప్పుడూ మనమేనా జరగాల్సింది అని అడిగారు. ఆ ప్రశ్న తప్పని నేను అనను.

2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. పేరు చెప్పకుండా అన్ని మతాలకీ వర్తింపజేశారు. ఇట్లాంటిదే కావాలి, కాని దీని అమలు ఎవరి పండుగకి ఎంత జరిగిందో ఏడాదికోసారి లెక్క బయటపెట్టాలి. ఎన్ని బండ్ల నంబర్లు రాశారు, ఎన్ని చలానాలు పంపారు, ఏ ఊరేగింపులో ఎన్ని. ఎన్నికల కమిషన్ 2021లో పోలింగుకి 72 గంటల ముందు నుంచి బైక్ ర్యాలీలు వద్దన్నప్పుడు ఓటరు భయపడతాడని ఒప్పుకుంది కదా. ఓటరు భయం ఒప్పుకున్న రాజ్యం నమాజీ భయం ఎందుకు ఒప్పుకోదు? ఊరేగింపు హక్కు మీద ఈ దేశంలో ఇప్పటికీ కోర్టుల్లో ఎత్తే పాత తీర్పు 1924 నాటి ప్రివీ కౌన్సిల్‌ది. అందులో ఊరేగింపు షియాలది, అభ్యంతరం సున్నీ మసీదుది. రోడ్డు మీద ఊరేగే హక్కు ఉంది, దాన్ని అదుపులో పెట్టే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది అన్నారు. హనుమాన్ ర్యాలీ నిర్వాహకుల వకీళ్లు చూపించగలిగే ఆ హక్కు మొదట అడిగింది మొహర్రం మాతంవాళ్లు.

మా వినతిపత్రాల్లో వచ్చే ఏడాది నుంచి అదనపు బలగాలు అనే మాట తీసేసి, మసీదుకి పరదా కట్టొద్దు అని రాయాలని నేను పలాసలోనూ టెక్కలిలోనూ పెద్దలకి చెప్పాను. కొందరు ఒప్పుకున్నారు. కట్టకపోతే రాయి పడితే ఎవరిది బాధ్యత అని కొందరడిగారు. ఇక్కడ మనం పిడికెడుమందిమి, నువ్వు రాసి పోతావు, మేం ఈ బజార్లోనే కొట్టు తెరవాలి అన్నారు. ఆ రోజు ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వినతిపత్రం ఇంకా రాయలేదు.